సారె మీద కప్పు చేసి గ్లేజు వేయడం: మట్టి పదును నుంచి రెండో కాల్పు దాకా

విజయవాడలో సరదాకు కుమ్మరి సారె పని మొదలుపెట్టినవారి కప్పులు సారె మీద కంటే ఆరబెట్టిన చోటే ఎక్కువగా పాడవుతాయి. చేతి పనితనం నెలలు గడిచేకొద్దీ అదే వస్తుంది గాని, మట్టిలో నీరు ఎంత ఉండాలి, ఎప్పుడు ఎంత పోవాలి అన్న లెక్క మాత్రం ఎవరో ఒకరు చెప్పకపోతే ఎన్నాళ్లకూ పట్టుబడదు. ఆ లెక్కకు తెలుగులో పదును అన్న చక్కని మాట ఉంది. దుక్కికి పదును ఉన్నట్టే, మట్టిని సారె మీద పెట్టడానికి ఒక పదును, అడుగు చెక్కడానికి ఒక పదును, పిడి అతికించడానికి ఒక పదును ఉంటాయి. చివరికి గ్లేజు, అంటే కప్పు మీద గాజులా మెరిసే పూత, పూయడం కూడా నీటి లెక్కే. 400 గ్రాముల మట్టితో ఒక టీ కప్పు చేసి, గ్లేజు వేసి, కాల్చి బయటికి తీసేదాకా చేయవలసిన పనిని ఆ దృష్టితోనే ఇక్కడ వివరిస్తాను.

మట్టి

గుంటూరు వైపు నల్లరేగడిని తడిపి చేతిలోకి తీసుకుంటే జిగటగా సాగుతుంది, సారెకు ఇంతకంటే మంచి మట్టి ఉండదనిపిస్తుంది. అయితే అందులో ఉండే మాంట్‌మోరిలొనైట్ అనే ఖనిజం తన పొరల మధ్యకు నీటిని పీల్చుకుని బాగా ఉబ్బుతుంది, ఆరేటప్పుడు అదే స్థాయిలో ముడుచుకుపోతుంది. వేసవిలో పత్తి చేలల్లో కాలు దిగేంత నెర్రెలు పడేది అందుకే. చేలో జరిగేదే మీ కప్పులోనూ జరుగుతుంది. కుండలు చేసేవారు చెరువు మట్టిని ఏరి తెచ్చి, నానబెట్టి, ఇసుకో బూడిదో కలిపి దాని జిగటను తగ్గించుకుంటారు. ఆ పాళ్లు తరాల అనుభవంతో వచ్చినవి, పుస్తకంలో చూసి కలిపేవి కావు.

ఊరి మట్టితో ఇంకో ఇబ్బంది సున్నపు రాళ్లది. నేను మొదటి ఏడాది కాలువ పూడిక మట్టిని తెచ్చి, జల్లెడ పట్టకుండానే ఆరు కప్పులు చేసి కాల్చాను. ఆవం లోంచి తీసినప్పుడు ఆరూ కంగుమని మోగాయి. మూడో రోజు పొద్దున వాటి గోడల మీద పప్పుగింజంత పెచ్చులు ఊడి ఉన్నాయి. ప్రతి గుంట అడుగునా ఆవగింజంత తెల్లని చుక్క ఉంది. మట్టిలో కలిసి ఉన్న సున్నపురాయి నలుసు 850 డిగ్రీల చుట్టుపక్కల పొడి సున్నంగా మారుతుంది, తరువాత గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బి తన మీది మట్టిని తన్నేస్తుంది. అది శ్రావణ మాసం కాబట్టి తేమకు కొదవ లేకపోయింది. ఊరి మట్టే వాడాలని మీకు మనసుంటే దానిని పల్చగా కలిపి, 80 నంబరు జల్లెడలో వడగట్టి, తేర్చి, గుడ్డ మీద పోసి గట్టిపడనిచ్చి వాడండి. దానిని 900 డిగ్రీలు దాటించకండి. స్టోన్‌వేర్ (ఎక్కువ వేడిలో రాయిలా గట్టిపడే మట్టి) కాల్చే 1220 డిగ్రీల వేడిలో పెడితే అందులోని ఇనుము, క్షారాల వల్ల అది కరిగి, కిల్న్ (కాల్చే కొలిమి) లోపలి పలకకు అతుక్కుపోతుంది.

అందువల్ల మొదటి కప్పుకు సంచుల్లో అమ్మే స్టోన్‌వేర్ మట్టినే కొనమని నా సలహా. చైనా క్లే అనే తెల్లమట్టి, బాల్ క్లే అనే జిగట మట్టి, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ అనే రాతి పొడులు కలిపి చేసే ఈ మట్టికి కావలసిన సరుకు మన రాష్ట్రంలోనూ ఉంది. ద్వారకా తిరుమల ప్రాంతం బాల్ క్లేకు, గూడూరు ప్రాంతం ఫెల్డ్‌స్పార్‌కు పేరుపడ్డవి. సంచి మీద మూడు అంకెలు చూడండి: ఎన్ని డిగ్రీల దగ్గర కాల్చాలి, ఎంత శాతం కుంచించుకుపోతుంది, కాలిన తరువాత ఎంత శాతం నీరు పీలుస్తుంది. కుంచించడం 12 శాతం అని ఉంటే, 9 సెంటీమీటర్ల ఎత్తు కప్పు కావాలంటే సారె మీద 10.2 సెంటీమీటర్లు లేపాలి.

నీరు కూడా సరుకే. మా వీధిలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీటితో చేసిన కప్పు ఆరేటప్పుడు లవణాలు నీటితో పాటు అంచుకూ పిడికీ చేరి తెల్లని పొడిలా తేలుతాయి, కాల్చాక మచ్చలవుతాయి. ఆ నీరు గ్లేజులో పోస్తే గ్లేజు పెరుగులా గడ్డకడుతుంది. మునిసిపల్ కృష్ణా నీటితో మట్టి పని చేసుకుని, గ్లేజుకు మాత్రం తాగే క్యాన్ నీరు వాడుకుంటే సరిపోతుంది.

పిసకడం, నడిమికి తేవడం

మట్టిని సంచిలోంచి తీయగానే సారె మీద పెట్టకూడదు. బొటనవేలితో నొక్కితే సులభంగా దిగి, వేలు తీసినప్పుడు అంటుకోకుండా ఉండడం సరైన పదును. చపాతీ పిండి కంటే కొంచెం మెత్తన, పూర్ణం కంటే కొంచెం గట్టి అనుకుంటే చేతికి అర్థమవుతుంది. మరీ మెత్తగా ఉంటే సిమెంటు బండ మీద గాని, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పలక మీద గాని పిసకండి. అవి నీటిని పీల్చుకుంటాయి. అరచేతి మడమతో ముందుకు నొక్కి, మళ్లీ వెనక్కి లాగి, ఒక యాభై సార్లు పిసికాక తీగతో ముద్దను రెండుగా కోసి చూడండి. కోసిన ముఖం మీద చిన్న రంధ్రం కనబడినా ఇంకా పిసకాలి. 400 గ్రాముల ముద్దలు ఆరేడు తూచి, తడిగుడ్డ కప్పి ఉంచుకోండి.

కరెంటు సారె తిరిగే దిశ విషయం మొదటే తేల్చుకోండి. కుడిచేతి వాటం వారికి పైనుంచి చూస్తే గడియారానికి ఎదురు దిశలో తిరగడం అనుకూలం. సారె పలకను తడి స్పాంజితో ఒక్కసారి తుడిచి, ముద్దను నడిమిలో గట్టిగా కొట్టి పెట్టి, చుట్టూ అంచును పలకకు అదమండి. పలక మీద నీరు నిలిచి ఉంటే ముద్ద జారిపోతుంది.

ఇక నడిమికి తేవడం. కొత్తవారు విసుగుచెందేది ఇక్కడే, అందుకే దీని మీద కొంచెం ఎక్కువ చెబుతాను. చేతి బలంతో ముద్దను నడిమికి తేవాలనుకుంటే ముద్దే చేతిని ఊపుతుంది. ఎడమ మోచేతిని ఎడమ తొడ మీద గాని, పక్కటెముకల కింద గాని బిగించండి. ఆ మోచెయ్యి కదలనంత కాలం అరచెయ్యి గోడలాగా నిలబడుతుంది. తిరుగుతున్న మట్టి ఆ గోడకు తగిలి తగిలి తానే గుండ్రమవుతుంది. కుడి అరచేతి అంచుతో పైనుంచి నొక్కండి. సారెను వేగంగా, నిమిషానికి సుమారు 200 చుట్లు తిప్పండి. చెయ్యి ఆరిపోయినట్టు అనిపించగానే నీరు చిలకరించండి గాని ముద్ద మీద చెంబుతో పోయకండి. ముద్దను రెండు అరచేతుల మధ్య అదిమి కోవెల శిఖరంలా పైకి లేపడం, మళ్లీ నొక్కి కిందికి దించడం రెండు మూడు సార్లు చేస్తే లోపలి మట్టి కూడా ఒకే వరసకు వస్తుంది. చేతిని మెల్లగా తీయాలి. చటుక్కున తీస్తే ఆ క్షణంలోనే ముద్ద మళ్లీ పక్కకు పోతుంది. కుదిరిందో లేదో తెలుసుకోవడానికి కళ్లు మూసుకుని ఒక వేలు ముద్ద పక్కన ఆనించండి. వేలికి ఎక్కడా ఊపు తగలకపోతే, సారె తిరుగుతున్నదా ఆగిందా అన్న అనుమానం వస్తే, ముద్ద నడిమికి వచ్చినట్టు.

తెరవడం, గోడ లేపడం

రెండు బొటనవేళ్లతో ముద్ద నడుమ గుంట చేయండి. అడుగున 8 మిల్లీమీటర్ల మందం మిగలాలి; సూదిని అడుగుదాకా గుచ్చి, వేలిగోరును మట్టి మట్టం దగ్గర పెట్టి బయటికి తీసి కొలవండి. గుంటను వెడల్పు చేశాక లోపలి అడుగును వేళ్లతో నడిమి నుంచి అంచుకూ, అంచు నుంచి నడిమికీ మూడు నాలుగు సార్లు అదమండి. చాలామంది వదిలేసే పని ఇదే. గోడలోని మట్టి లేపేటప్పుడు వేళ్ల మధ్య నలిగి గట్టిపడుతుంది, అడుగుకు ఆ నలుగుడు ఉండదు. అదమని అడుగు ఆరేటప్పుడు ఇంగ్లీషు ఎస్ అక్షరంలా చీలుతుంది.

గోడ లేపడానికి వేగాన్ని సగానికి తగ్గించండి. ఎడమచేతి వేళ్లు లోపల, కుడిచేతి చూపుడువేలి కణుపు బయట పెట్టి, అడుగున మట్టిని కొంచెం నొక్కి చిన్న ఉబ్బును పట్టుకుని, దానిని అంచుదాకా నెమ్మదిగా తీసుకుపోండి. సారె ఒక చుట్టు తిరిగేసరికి చేతులు వేలి మందం కంటే ఎక్కువ లేవకూడదు. తొందరపడితే గోడ మెలితిరిగి కూలుతుంది. మూడు లాగుళ్లలో కప్పు పూర్తి కావాలి. ఆరేడు సార్లు లాగితే మట్టి నీరు పీల్చి నీరసపడుతుంది, తరువాత ఏ చెయ్యీ దానిని నిలబెట్టలేదు. ప్రతి లాగుడుకూ అంచును వేలితో అదిమి గుండ్రం చేయండి. చివరిగా పాత నేత చీర ముక్కను తడిపి అంచు మీద ఆనిస్తే పెదవికి హాయిగా తగిలే నునుపు వస్తుంది. లోపల నిలిచిన నీటిని స్పాంజితో అద్దేయడం మరవకండి. సారెను మెల్లగా తిప్పుతూ అడుగున తీగ లాగి, ఆరిన చేతులతో ఎత్తి చెక్క పలక మీద పెట్టండి.

మొదటి ముప్పై కప్పులను దాచుకోవాలని చూడకండి. చేసిన ప్రతిదానినీ తీగతో నిలువునా కోసి గోడ మందం చూడండి. కింద 10 మిల్లీమీటర్లు, పైన 3 ఉంటే మీ చెయ్యి కింద నొక్కడం లేదని తెలుస్తుంది. ఆ కోత చెప్పినంత స్పష్టంగా ఏ గురువూ చెప్పలేరు. మట్టి వృథా కాదు. మళ్లీ పిసికి వాడుకోవచ్చు.

ఆరబెట్టడం, చెక్కడం, పిడి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇక పచ్చి కప్పు ఎంత. మే నెలలో 43 డిగ్రీల ఎండకు ఫ్యాను గాలి తోడైతే అరగంటలో అంచు ఆరి తెల్లబడుతుంది, అడుగు తడిగానే ఉంటుంది. ఆరిన అంచు ముడుచుకుంటుంది, తడి అడుగు ముడుచుకోదు, ఆ పంతంలో కప్పు చీలుతుంది. అందుకే వేసవిలో కప్పును సారె మీంచి తీసిన గంటలోనే పల్చని ప్లాస్టిక్ కవరు కప్పి, ఫ్యాను లేని గదిలో ఉంచండి. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా అడుగున తడి గోనెపట్టా పరిస్తే ఇంకా మంచిది. అంచు చేతికి అంటనంత గట్టిపడగానే బోర్లించండి. వానాకాలంలో కథ తిరగబడుతుంది. పూర్తిగా ఆరడానికి పది రోజులు పట్టవచ్చు, అప్పుడు కవరు అవసరం లేదు.

గోడను వేలితో నొక్కితే గుంట పడకుండా, గోరు గీస్తే నునుపైన గీత పడితే చెక్కడానికి పదును వచ్చినట్టు. స్టూడియోల్లో దీన్ని లెదర్ హార్డ్ అంటారు. నిజంగానే కొత్త చెప్పు తోలులా ఉంటుంది. కప్పును బోర్లించి సారె నడిమిలో పెట్టి, మూడు వైపులా మట్టి ఉండలతో ఆపి, వంపు పనిముట్టుతో అడుగు చెక్కి వలయంగా తీయండి. చెక్కు రిబ్బనులా రావాలి. పొడిలా రాలితే ఆలస్యమైంది, పనిముట్టుకు అంటుకుంటే తొందరపడ్డారు. పిడి కూడా ఈ దశలోనే అతికించాలి. అతికే రెండు చోట్లా సూదితో గళ్లు గీసి, వెనిగరు చుక్క కలిపిన చిక్కటి మట్టి రాసి, నొక్కి పట్టండి. పిడి సన్నం కాబట్టి ముందే ఆరుతుంది; కప్పూ పిడీ కలిపి ఒక రాత్రి కవరులో ఉంచితే రెండింటి తేమా సమానమవుతుంది.

పూర్తిగా ఆరిందో లేదో చెంప చెబుతుంది. కప్పును చెంపకు ఆనిస్తే చల్లగా తగిలితే లోపల ఇంకా నీరుంది. గది వేడితో సమానంగా ఉంటే కాల్పుకు సిద్ధం.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. ఎండిన మట్టి దుమ్ములో సిలికా (ఇసుకలో ఉండే ఖనిజం) ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే అది సిలికోసిస్ అనే నయం కాని ఊపిరితిత్తుల జబ్బుకు దారితీస్తుంది. పని గదిని చీపురుతో ఎన్నడూ ఊడ్వకండి, ఎవరినీ ఊడ్వనివ్వకండి. తడిగుడ్డతోనే తుడవాలి. ఆరిన కప్పును గరుకు కాగితంతో రుద్దకండి. తడి స్పాంజి చాలు. గ్లేజు పొడి కలిపేటప్పుడు ఎన్95 మాస్కు పెట్టుకోండి.

మొదటి కాల్పు

సొంత కిల్న్ వెంటనే కొనవద్దు. కాల్చి ఇచ్చే స్టూడియోలో కొన్ని నెలలు కాల్పించుకుని, మనసు నిలిచిందనుకున్నాకే కొనండి. 3.5 కిలోవాట్ల చిన్న ఎలక్ట్రిక్ కిల్న్ 230 వోల్టుల మీద 15 ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఏసీ ప్లగ్గుకు తగిలించకుండా, దానికంటూ వేరే తీగ, వేరే ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆపేసే స్విచ్చి), మంచి ఎర్తింగ్ వేయించండి. అంతకు పెద్దవాటికి సాధారణంగా త్రీ ఫేజ్ కావాలి.

మొదటి కాల్పు 1000 డిగ్రీల దాకా. 90 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు ఆపండి, మూత కొంచెం తెరిచి ఉంచండి. మిగిలిన తడి ఆవిరై పోతుంది. ఈ ఓపిక లేకపోతే నీరు 100 దాటి లోపలే ఆవిరై కప్పును పేల్చేస్తుంది. తరువాత గంటకు 80 డిగ్రీల చొప్పున 600 దాకా పోనివ్వండి. ఈ మధ్యలో మట్టి అణువులతో పెనవేసుకుని ఉన్న నీరు కూడా విడిపోతుంది, 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ రేణువులు ఒక్కసారిగా ఉబ్బుతాయి. 600 దాటాక మూత వేసి గంటకు 130 చొప్పున పెంచవచ్చు. మొత్తం 14 గంటల పైచిలుకు పడుతుంది. వేసవిలో రాత్రి మొదలుపెట్టండి, గది కిటికీలు తెరిచి ఉంచండి. లోపల 100 డిగ్రీల కిందికి వచ్చేదాకా తెరవకండి.

గ్లేజు

ఇప్పుడు చేతిలో ఉన్నది రోడ్డు పక్కన అమ్మే కూజాలా నీరు పీల్చే కప్పు. కూజాలో ఆ గుణమే నీటిని చల్లబరుస్తుంది, టీ కప్పులో అది పనికిరాదు. అయితే గ్లేజు అంటుకునేది ఆ పీల్చుకునే గుణం వల్లనే.

గ్లేజు అంటే మట్టి మీద కరిగి అతుక్కున్న గాజు. గాజుకు సిలికా కావాలి, అది తనంతట 1700 డిగ్రీలు దాటితే గాని కరగదు. కరిగించడానికి ఫెల్డ్‌స్పార్, సున్నపురాయి వంటివి, జారిపోకుండా పట్టి ఉంచడానికి చైనా క్లే కలుపుతారు. స్టోన్‌వేర్ చేసేవారికి బాగా తెలిసిన 4-3-2-1 లెక్క ఇదే: ఫెల్డ్‌స్పార్ 40, సిలికా 30, సున్నపురాయి పొడి 20, చైనా క్లే 10. ఇది 1280 డిగ్రీల పైన కరిగే గ్లేజు. 1220 దగ్గరే కరగాలంటే బోరాన్ ఉన్న ఫ్రిట్ (ముందే కరిగించి పొడి చేసిన గాజు) కావాలి. మొదట మీ మట్టి కాలే ఉష్ణోగ్రతకే సరిపోయే, సీసం లేని తయారు పొడిని కొనుక్కోండి. లోపలి వైపు పారదర్శక గ్లేజునో తెలుపునో వాడండి. మన ఇళ్లలో చింతపండు, నిమ్మ, ఆవకాయ లేని రోజు ఉండదు. పులుపు గ్లేజులోని లోహాలను కరిగించగలదు. సీసం, కాడ్మియం, బేరియం ఉన్నవి అసలు వద్దు. ఆకుపచ్చ కోసం రాగి కలిపినదాన్ని బయటి వైపుకే పరిమితం చేయండి.

పొడిని నీటిలో వేసి (నీటిని పొడిలో పోయకూడదు) ఒక రాత్రి నానబెట్టి, 80 నంబరు జల్లెడలో రెండుసార్లు వడగట్టండి. తరువాత వంటింటి తూకం మీద 100 మిల్లీలీటర్ల గ్లేజును తూచండి. 145 గ్రాములు ఉంటే ముంచడానికి పదును సరిపోయినట్టు. 155 ఉంటే నీరు కలపండి. 135 ఉంటే కదపకుండా ఉంచి, తేరిన నీటిని మర్నాడు తీసేయండి. చూపుకు చిక్కటి పాలలా ఉంటుంది గాని చూపును నమ్మకండి, తూకాన్నే నమ్మండి.

కప్పును తడి స్పాంజితో తుడిచి దుమ్ము తీయండి. దుమ్మున్న చోట గ్లేజు ముడుచుకుపోయి మట్టి బయటపడుతుంది. అడుగు వలయానికి కరిగించిన కొవ్వొత్తి మైనం పూయండి. లోపల గ్లేజు పోసి, తిప్పి, వెంటనే వంచేయండి. ఒక గంట ఆగి, బయటి వైపును బోర్లా పట్టి ముంచి, మూడు అంకెలు లెక్కపెట్టి తీయండి. కప్పు నీటిని పీల్చుకుంటుంది, పొడి పైన పొరగా నిలుస్తుంది. సూదితో గీస్తే ఆ పొర ఒక మిల్లీమీటరు లోపు ఉండాలి. ఆరాక చిన్న రంధ్రాలుంటే వేలితో మెల్లగా రుద్ది పూడ్చండి. అడుగు నుంచి 5 మిల్లీమీటర్ల ఎత్తు దాకా గ్లేజును పూర్తిగా తుడిచేయండి.

రెండో కాల్పు

పలకలకు అల్యూమినా, చైనా క్లే సమపాళ్లలో కలిపిన పూత వేసి ఉంచండి. కప్పుల మధ్య వేలు దూరేంత ఎడం కావాలి. మొదటి కాల్పులో ఒకదాని మీద ఒకటి పెట్టినా ఫరవాలేదు, ఇప్పుడు తాకితే శాశ్వతంగా అతుక్కుంటాయి. ఉష్ణోగ్రత కొలిచే కోన్ల నంబర్లలో 06, 6 ఒకటి కావు: 06 సుమారు 1000 డిగ్రీలు, 6 సుమారు 1220. ఆ సున్నా చూడక తక్కువ వేడి గ్లేజును ఎక్కువ వేడిలో పెట్టి పలక పోగొట్టుకున్నవారు ఉన్నారు. గంటకు 120 చొప్పున 1220 దాకా పెంచి, అక్కడ 15 నిమిషాలు ఆపితే గ్లేజులోని బుడగలు పైకి వచ్చి మానుకుంటాయి. ఒక పగలూ ఒక రాత్రీ చల్లారనివ్వండి. తీసిన తరువాత కప్పు సన్నగా టింగుటింగుమంటుంటే గ్లేజు మట్టి కంటే ఎక్కువగా ముడుచుకుని పగుళ్లు పడుతోందని అర్థం. ఆ మట్టికి ఆ గ్లేజు కుదరదు.

అడుగును తడిపిన సానరాయితో రుద్ది గరుకు తీయండి. నిమ్మచెక్కను గ్లేజు మీద ఒక రాత్రి ఉంచి, రంగు గాని మెరుపు గాని మారితే ఆ కప్పును తిండికి వాడకండి. మారకపోయినా సీసం లేదని అర్థం కాదు, దానికి ప్రయోగశాల పరీక్షే కావాలి. తరువాత కప్పు నిండా నీరు పోసి, పాత దినపత్రిక మీద పెట్టి పడుకోండి. పొద్దున కాగితం మీద తడి వలయం కనిపిస్తే మట్టి పూర్తిగా కాలలేదు. ఆ కప్పును పెన్నులు పెట్టుకోవడానికి ఉంచుకుని, సంచి మీద రాసిన హద్దు దాటకుండా తరువాతి కాల్పును 10 డిగ్రీలు పెంచండి.